స్క్రమ్ హాఫ్ మా మామ

బడిలో పిల్లలను ప్రార్థనకు వరుసలో నిలబెడుతుండగా మంచిర్యాల నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "మామ పోయిండు బిడ్డా," అంది. కరీంనగర్ బస్టాండుకు ఎట్లా చేరానో గుర్తులేదు. మా మేనమామకు అరవై ఇంకా నిండలేదు.

ఆయన ఫౌజులో పనిచేశాడు, అక్కడే రగ్బీ ఆడాడు. ఈ ఆట మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కోడిగుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని ఉరకాలి, ఎదుటివాళ్లు మీదపడి పడగొడతారు. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు, వెనక ఉన్నవాళ్లకే ఇవ్వాలి. భారీ మనుషులు గుంపుగా భుజాలు కలిపి తోసుకుంటుంటే, వాళ్ల కాళ్ల సందుల్లోంచి వచ్చే బంతి కోసం వెనక ఒక చిన్న మనిషి కాచుకుని ఉంటాడు. అది ఎవరికివ్వాలో రెప్పపాటులో తేల్చేది అతనే. ఎప్పుడు తొయ్యాలో, ఎటు కదలాలో అరిచి చెప్పేదీ అతనే. అతన్నే స్క్రమ్ హాఫ్ అంటారు.

మామ పొట్టి మనిషి. గొంతు మాత్రం ఊరంత. "బోథ్ దిక్కు మా చేన్ల అడవిపందులను అరిచి అరిచి ఎల్లగొట్టి గొంతు గిట్లయింది," అనేవాడు. ఆ గొంతు వినే ఒక అధికారి ఆయన్ను జట్టులోకి తీసుకున్నాడట. చాలా ఏళ్లు రెజిమెంటుకు ఆడాడు. దేశం జట్టు ఎంపిక దాకా పోయి, ఆఖర్న పేరు రాక తిరిగొచ్చాడు. దాని గురించి అడిగితే నవ్వి మాట మార్చేవాడు.

ఒకసారి సెలవు మీద కన్ను వాచి, పెదవి చిట్లి ఇంటికొచ్చాడు. మా అమ్మమ్మ గుండెలు బాదుకుంది.

"యుద్ధమేడ జరిగింది కొడుకా?"

"యుద్ధం గాదే అవ్వా. బంతి కోసం."

"గింత కొట్లాట ఒక్క బంతికా? సర్కారోల్లు తలా ఒకటి కొనియ్యరాదా?"

ఈ మాట మా ఇంట్లో సామెతలా నిలిచిపోయింది. ఇంకో కథ మామే చెప్పేవాడు. ఒక పోటీలో తలకు గట్టి దెబ్బ తగిలిందట. లేచి, ముఖం కడుక్కుని, మిగతా ఆటంతా ఆడాడట. గెలిపించిన బంతి అందించింది ఆయనేనని సాయంత్రం తోటివాళ్లు చెబితే గానీ తెలియలేదట. "గెల్సిన సంగతి నాకే ఎరుకలేదు!" అని ఆయన చేతులు తిప్పుతుంటే మేమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

ఫౌజు నుంచి వచ్చాక మంచిర్యాలలో ఒక బ్యాంకు దగ్గర గార్డుగా చేరాడు. సాయంత్రాలు ఆడపిల్లలను పోగేసి ఆట నేర్పాడు. నన్ను తన చోటులోనే నిలబెట్టాడు. "ముందల చూడు, ఎన్కకియ్యి," అనేవాడు. బంతి పట్టుకుని నేను ఆలోచిస్తూ నిలబడితే, "దాన్ని సాదుకుంటవా బిడ్డా? ఇచ్చెయ్యి!" అని అరిచేవాడు. అంతకుముందు పదిమందిలో నోరు విప్పని పిల్లను నేను. నాకంటే పెద్దవాళ్లను గదమాయించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత మామ మారడం మొదలైంది. రోజూ పోయే దారిలోనే బండి ఆపి, ఎటు పోవాలని ఎవరినో అడిగాడట. అత్త మీద ఎన్నడూ లేనంత కోపం చూపేవాడు. తర్వాత ఒక్కడే కూర్చుని ఏడ్చేవాడు. అలసట అనుకున్నాం.

ఆ రోజుల్లోనే జిల్లా ఫైనల్ ఆడుతూ నేను పడ్డాను. ఎవరి మోకాలో నా తలకు తగిలింది. లేచి నిలబడ్డాను. రెఫరీ ఈల ఊదుతున్నా వినకుండా మామ మైదానంలోకి నడిచొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల ఏం వారం?"

"బుధవారం," అన్నాను.

ఆయన గీత అవతల ఉన్న అత్త వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. నా జవాబు తప్పో ఒప్పో ఆయనకు తెలియడం లేదు.

"ఐతారం," అంది అత్త, మెల్లగా.

మామ నన్ను బయటికి నడిపించాడు. మేం ఓడిపోయాం. ఆటోలో నేను కోపం ఆపుకోలేకపోయాను. "నువ్వయితే ఆడినవ్ గద మామా!"

"ఆడిన," అన్నాడు. "గందుకే చెప్తున్న."

తర్వాత కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాం. తలకు దెబ్బలేమైనా తగిలాయా అని ఆయన అడిగితే మామ చిన్నగా నవ్వాడు. "ఆట తోటేనా సార్ గిదంతా?" అని అత్త అడిగింది. కావచ్చు, కచ్చితంగా చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ 'కావచ్చు'తోనే అత్త ఇన్నేళ్లూ ఆయనకు అన్నం తినిపించింది, గడ్డం గీసింది. చివరి ఏడాది నన్ను ఆయన గుర్తుపట్టలేదు, మాట కూడా పోయింది.

నేనిప్పుడు బడిలో ఆడపిల్లలకు ఇదే ఆట నేర్పుతున్నాను. తలకు తగిలిన పిల్లను, తల్లిదండ్రులు బతిమాలినా సరే, మళ్లీ ఆడనివ్వను. అది చాలునా? నాకు నోరిచ్చిన ఆట ఆయన మాట పట్టుకుపోయిందేమో. ఒక్కోసారి ఈల నోట్లో పెట్టుకుని ఊదలేక నిలబడిపోతాను.

అస్థికలు కలిపే రోజు మామతో ఆడినవాళ్లు కొందరు రైల్లో వచ్చారు. నెరిసిన తలలు, ఆటలో నలిగిన చెవులు, తలుపు నిండే భుజాలు. వాళ్లకు తెలుగు రాదు. గోదావరిలో మోకాలి లోతున, ఒకరి భుజానికొకరు ఆనుకుని నిలబడ్డారు. కుండ ఖాళీ అయింది, పంతులు గట్టెక్కాడు, అందరం బయటికి వచ్చేశాం. వాళ్లు మాత్రం కదల్లేదు. నీళ్లు వాళ్ల కాళ్ల సందుల్లోంచి పోతున్నాయి. ఎటు కదలాలో ఎవరైనా చెబుతారేమోనన్నట్టు అట్లాగే నిలబడ్డారు.

చాలాసేపటికి అత్త గట్టు మీంచి గొంతెత్తి పిలిచింది. "ఇగ రాండ్రి అన్నా."

ఆ మాట వాళ్లకు తెలియదు. అయినా అందరూ ఒక్కసారే కదిలారు.