పేరు రాసుకున్నవాడే కింద కూర్చోవాలి

ఆరు ఉత్తరాలు రాశాను. మూడు ఆత్మకూరులోని మా సేవా క్లబ్బు అధ్యక్షుడికి, రెండు కార్యదర్శికి, ఒకటి ఇద్దరికీ కలిపి. ఒక్కదానికీ జవాబు లేదు. పంచాయతీలో అడిగితే క్లబ్బు కట్టింది క్లబ్బునే అడగమన్నారు. క్లబ్బులో అడిగితే జాగా పంచాయతీదన్నారు. ఈరోజు పొద్దున ఉదయగిరి రోడ్డులో, మా ఊరి అడ్డరోడ్డు దగ్గర, క్లబ్బు కట్టించిన బస్ షెల్టర్ కింద నిలబడి ఉంటే పైనుంచి ఒక చుక్క నా ముంజేతి మీద పడింది. వాన పడి నెల దాటింది. చుక్క ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు వాసన. స్లాబు మీద పెట్టిన ట్యాంకులోంచి నీళ్ళు ఊరి, సిమెంటు లోపలి ఇనుమును తింటున్నాయని ఆ వాసనే చెప్పింది. ఆ చుక్క పడిన చోటికి రెండడుగుల దూరంలో, అరుగు మీద, మా అమ్మాయి కూతురు వైష్ణవి బడిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని పక్కన ఇంకో పదిమంది పిల్లలు.

"లెయ్యి. బయటికి రా" అన్నాను.

"తాతా, ఎండ మండిపోతాండాది. అందరూ ఈడనే కూర్చోనుండారు గదా. నువ్వు రోజూ ఇట్లనే అంటావు, వీళ్ళంతా నవ్వతా ఉండారు."

రెక్క పట్టుకుని లాగాను. ఏడుపు మొహంతో ఎండలో నిలబడింది. మిగతా పిల్లలు కదలలేదు. ఒక లారీ మర్రిపాడు వైపు పోయింది, స్లాబు సన్నగా మూలిగింది. బడి బస్సు వచ్చి వాళ్ళందరినీ ఎక్కించుకునేదాకా నేను ఆ కప్పు మీదనుంచి కళ్ళు తిప్పలేదు, చూపుతోనే దాన్ని ఆపుతున్నవాడిలాగా. అప్పుడే హజరత్తయ్య సారు గుర్తొచ్చాడు. గుర్తురావడం కాదు, నిలదీశాడు.

ఆయన్ని మీరు చూసి ఉండరు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా ఉండేవాడు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసేవాడు. క్లబ్బు పుట్టినప్పటి నుంచి చాలా ఏళ్ళు ఆయనే కార్యదర్శి. నాకు ఆయనతో పరిచయం తగాదాతో మొదలైంది. ఒక వేసవిలో ఆత్మకూరు బస్టాండు ఎదురుగా క్లబ్బు చలివేంద్రం పెట్టింది. ఏ.ఎస్.పేట దర్గాకు పోయే జనం, అనంతసాగరం షేర్ ఆటోలవాళ్ళు అంతా అక్కడే దాహం తీర్చుకునేవాళ్ళు. నేనూ ఒక గ్లాసు తాగాను. నాచు వాసన. గ్లాసు బల్ల మీద కొట్టి కేకలు వేశాను. బల్ల దగ్గర ఉన్న సభ్యుడు, "ఊరికే ఇచ్చే నీళ్ళకు గూడా వంకలేంది సామీ? నచ్చకపోతే సోడా తాగు పో" అన్నాడు. ఆ మనిషి ఎదురైతే ఇప్పటికీ నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. అప్పుడు వెనక స్టూలు మీదనుంచి హజరత్తయ్య సారు లేచి వచ్చి, కుండలోంచి ఒక గ్లాసు ముంచుకుని గడగడా తాగి, మొహం చిట్లించాడు.

"నాచే. నువ్వు జెప్పింది నిజమే. నీ పేరేంది?"

"మాల్యాద్రి."

"నోటితో అరిస్తే గాలికి పోతాది మాల్యాద్రీ. ఇదో, ఈ పుస్తకంలో రాయి. తేదీ ఎయ్యి, సంతకం జెయ్యి. కింద నాకు జాగా వొదులు. జవాబు రాయాల గదా."

అది అట్టలు నలిగిన ఒక పొడుగు నోటుపుస్తకం. మర్నాడు, ఏం రాసి ఉంటాడులే అనుకుంటూనే వెళ్ళి చూశాను. నా ఫిర్యాదు కింద గుండ్రటి అక్షరాలు: 'కుండలు మార్పించాను. ఇకనుంచి రోజూ మొదటి గ్లాసు నేను తాగుతాను.' నా ముందే తాగాడు కూడా. అప్పటికి నేను నా పెళ్ళిలో వంటవాడి దగ్గర్నుంచి కరెంటాఫీసు దాకా ఎందరి మీదో ఫిర్యాదులు చేసి ఉన్నాను. వినిపించుకుని తిరిగి జవాబు రాసిన మొదటి మనిషి ఆయన. ఆ వారమే క్లబ్బులో చేరాను.

ఆయన పద్ధతి అంతా ఆ మొదటి గ్లాసులోనే ఉంది. క్లబ్బు ఏది చేసినా ముందు క్లబ్బువాడి ఒంటి మీదికి రావాలి. రక్తదాన శిబిరంలో మొదటి మంచం ఆయనదే. ఉదయగిరిలో కంటి శిబిరం పెట్టినప్పుడు నేను మా అమ్మను తీసుకుపోయాను. ఎవరో ఎక్కడో చుక్కలు వేయించుకుని చూపు పోగొట్టుకున్నారని ఆమె విని ఉంది. బడి వరండాలో స్తంభాన్ని కౌగిలించుకుని, "నేను రానురా, నన్ను గుడ్డిదాన్ని జెయ్యొద్దురా" అని ఏడ్చింది. నాకూ లోపల అదే భయం. హజరత్తయ్య సారు ఏమీ నచ్చజెప్పలేదు. డాక్టరు ముందు కూర్చుని ముందు తన రెండు కళ్ళల్లో చుక్కలు వేయించుకున్నాడు. తర్వాత తడుముకుంటూ వచ్చి అమ్మ పక్కన కూలబడి, "అమ్మా, నాగ్గూడా అంతా మసకే. చెయ్యి పట్టుకో, ఇద్దరం కలిసి ఎదురుజూద్దాం" అన్నాడు. అమ్మ నవ్వింది. స్తంభాన్ని వదిలింది.

తిరుగు బస్సులో అడిగాను. "మీకు భయం లేదా సారూ?"

"ఎందుకు లేదు? చుక్కలేసేటప్పుడు నా గుండె నోట్లోకొచ్చినాది. ఉండాల్రా భయం. భయం లేనోడి చేతికి సేవ అప్పజెప్పగూడదు. వాడు జనం మీద ప్రయోగాలు జేస్తాడు."

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఈ షెల్టర్ కట్టాం. బస్సు దూరంనుంచే కనబడాలని ముందు స్తంభాలు లేకుండా, వెనక గోడ మీదనుంచి ముందుకు చాచిన స్లాబు పోశాం. సెంట్రింగ్ విప్పిన రోజున చెక్కలు తీస్తున్న మేస్త్రి తప్పుకోగానే హజరత్తయ్య సారు లోపలికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. గంటసేపు కదల్లేదు. మేం ఎండలో నిలబడి చూశాం. "పేరు రాసుకున్నోడు కింద కూర్చోవాల. కూర్చోలేనోడు పేరు రాసుకోగూడదు" అన్నాడు. లేస్తూ మాకు ఒకటే హెచ్చరిక చేశాడు. "ఇది నీడ కోసం పోసిన స్లాబు. దీని నెత్తిన ఏమీ పెట్టబాకండి."

మా క్లబ్బులో ఏటా జులైలో కొత్త కార్యవర్గం ప్రమాణం చేస్తుంది. ఆయన కార్యదర్శిగా తప్పుకున్న తర్వాత వచ్చిన అధ్యక్షుడు షెల్టర్‌కు రంగులు వేయించి, స్లాబు ముందంచున ఇటుకల గోడ లేపి, దానికి తన కార్యవర్గం పేర్లతో ఒక నల్లరాయి బిగించాడు. మరుసటి ఏడాది అధ్యక్షుడు దాని పక్కన తన రాయి బిగించాడు, మొదటిదానికంటే జానెడు పెద్దది. మూడో ఏడు నేను ఉపాధ్యక్షుణ్ణి. అంతకు ముందు క్లబ్బు సభల్లో నాది ఎప్పుడూ వెనక వరస కుర్చీనే. కరపత్రాల్లో నా పేరు ఉండేది కాదు, శాలువాలు నా దగ్గరికి వచ్చేసరికి అయిపోయేవి. అవన్నీ నాకు గుర్తున్నాయి. మూడో రాయి మీద బంగారు రంగు అక్షరాల్లో నా పేరు చూసుకున్నప్పుడు, పెట్టవద్దన్న మాట నా చెవుల్లో ఉండి కూడా నోరు మూసుకున్నాను.

ఒక పొద్దున హజరత్తయ్య సారు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఎన్ని రాళ్ళురా?"

"మూడు సారూ."

"నీదేది?"

"చివరిది" అన్నాను, కొంచెం గర్వంగానే.

"నీ పేరు బరువెంత ఉండొచ్చు?"

ఆయన స్లాబు కిందకు పోయి, మళ్ళీ గంటసేపు కూర్చున్నాడు. ఈసారి లారీ పోయినప్పుడల్లా చేతికర్రను గట్టిగా పట్టుకున్నాడు. వయసు వల్లో, భయం వల్లో నేను అడగలేదు. పోయేటప్పుడు ఆ పాత నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "నీది నువ్వు దించు. సిగ్గుతోనైనా మిగతావోళ్ళు దించుతారు" అన్నాడు. ఇంటికి పోయి తెరిచి చూస్తే చివరి పేజీలో తేదీ, సంతకం, ఒకే వాక్యం: 'మాల్యాద్రీ, నీ పేరు బరువెంత?' కింద జవాబుకు జాగా. ఈరోజు దించుతా, రేపు దించుతా అనుకున్నాను. రెండు నెలల్లో ఆయన పోయాడు. సంతాప సభలో అందరం ఆయన మొదటి గ్లాసు గురించి మాట్లాడాం. రాళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను కూడా.

తర్వాత నాలుగో రాయి వచ్చింది. దానితోపాటు, చలివేంద్రానికి బదులుగా అని, స్లాబు మీదికి నీళ్ళ ట్యాంకు ఎక్కించారు. ఇప్పటి అధ్యక్షుడు అయిదోది బిగించాడు. గోడకు స్లాబు ఆనుకునే చోట వెంట్రుకంత పగులు చూసిన రోజునుంచి నాకు ముద్ద దిగడం లేదు. సమావేశంలో లేచి చెప్పాను. అధ్యక్షుడు మైకులోనే, "మాల్యాద్రన్నా, నీకు బరువైంది రాళ్ళు గాదులే, మా పేర్లు" అన్నాడు. హాలంతా నవ్వింది. ఇప్పుడు ఆ పగుల్లో నా వేలిగోరు పడుతుంది. అడ్డంగా తాడు కట్టాను. ఎండకు తట్టుకోలేక జనం తాడు ఎత్తి లోపలికి పోతున్నారు. బస్సు వేళలకల్లా పోయి కాపలా నిలబడుతున్నాను. నేను లేని వేళ ఏం జరుగుతుందోనని ఏ చప్పుడు విన్నా ఉలిక్కిపడుతున్నాను.

ఈరోజు బడి బస్సు కదిలిపోగానే ఇద్దరు మేస్త్రీలను పిలిచి నా రాయి ఊడదీయించాను. నిచ్చెన మీదనుంచి ఇద్దరూ రొప్పుతూ దించారు. ఆ రొప్పు వింటుంటే నా తల పైకి లేవలేదు. నా ఆరు ఉత్తరాలకు జవాబు లేదని ఊరంతా చెప్పుకుంటున్నవాణ్ణి, ఆయన ఒక్క ప్రశ్నకు ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఇంటికి వచ్చి ఆ చివరి పేజీలో రాశాను: 'ఇద్దరు మనుషులు మోసేంత సారూ. దించాను.'

ఇంకా నాలుగు రాళ్ళు, ఒక ట్యాంకు మిగిలి ఉన్నాయి. అవి నావి కావు, నా చెయ్యి పడితే దొంగతనం అంటారు. అందుకే అదే పేజీలో అడుగున ఇంకో ప్రశ్న రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, పుస్తకాన్ని షెల్టర్ గోడకు తాడుతో కట్టి వచ్చాను. అధ్యక్షా, ప్రశ్న నీకే. రేపు బడి బస్సు వేళకు వచ్చి నీ పేరు కింద ఒక గంట కూర్చుంటావా? కూర్చోలేనంటే ఎందుకు కూర్చోలేవో రాయి. భయమేస్తున్నదని రాసినా చాలు, ఆ మాట చూపించి మిగతావన్నీ నేనే దించుతాను. కింద జాగా వదిలాను. జవాబు రాయి.