బుల్లెమ్మ కాలి కట్టు

నాకు పశువులంటే భయం. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మాది కాట్రేనికోన వైపు చేపలు పట్టే ఇల్లు. పెరట్లో వలలే తప్ప పలుపుతాడు ఎప్పుడూ లేదు.

వరద సాయానికి మా దళాన్ని పంపింది నా సొంత జిల్లాకే. తెల్లవారేసరికి ఏటిగట్టు మీద దిగాం. సన్నని వాన. గోదావరి ఎర్రగా, కొబ్బరి చెట్ల నడుముల దాకా ఉంది. రెండు రబ్బరు పడవలు, లైఫ్ జాకెట్లు, తాళ్ళు, వైర్‌లెస్ సెట్లు. నా సంచిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన నవల ఒకటి అదనం. దళంలో తెలుగు తెలిసింది నాకొక్కదానికే. అందుకని హవల్దారు నన్ను తన పడవలో ఎక్కించుకున్నారు. ఆయన హిమాచల్ కొండల మనిషి. మాతో వచ్చిన మూడో మనిషి వైద్య సహాయకుడు. సైనికుల కాళ్ళకూ చేతులకూ కట్లు కట్టి ఆరితేరినవాడు.

ఆదేశం ఒక్కటే. ఎగువ నుంచి ఇంకా నీరు వస్తోంది, చీకటిపడేలోగా ఏటి మధ్యనున్న లంక ఖాళీ కావాలి.

మధ్యాహ్నానికి లంకలో సత్యవతిగారని ఒకావిడ మాత్రమే మిగిలారు. భర్త మస్కట్‌లో పని చేస్తున్నాడు. నీరు అరుగు రెండో మెట్టు మీదుంది. ఆవిడ పక్కన అయిదారు నెలల పెయ్యదూడ పడుకుని ఉంది. పేరు బుల్లెమ్మ. ముందురోజు పశువులను గట్టుకు తోలుతుంటే, కాలువ మీద వేసిన కొబ్బరి దుంగల సందులో దాని ముందుకాలు ఇరుక్కుంది. మోకాలి కింద ఎముక విరిగింది. మిగతా పశువులు గట్టెక్కాయి. ఇది ఎక్కలేదు. ఆవిడా ఎక్కలేదు.

మనుషులను మాత్రమే ఎక్కించాలన్నారు హవల్దారు. ఆ మాట తెలుగులో చెప్పాను. ఆవిడ కోప్పడలేదు.

“మీరెళ్ళండి అమ్మాయిగారూ. దీన్ని ఈనిన మూడోరోజే తల్లి పోయిందండి. సీసాతో పాలు పట్టి పెంచేనండి. కాలిరిగిందని వదిలేసి రమ్మంటే ఎలాగండి?”

అదంతా హిందీలో నాలుగు ముక్కల్లో చెప్పాను. హవల్దారు నీటి వైపు చూశారు, తరువాత వైద్య సహాయకుడి వైపు. అతను అప్పటికే సంచి విప్పుతున్నాడు. కట్టకుండా ఎత్తితే విరిగిన ఎముక తోలు చీల్చుకుని బయటికొస్తుందన్నాడు.

హవల్దారు సరేనని ఎవరి పని వాళ్ళకు పంచారు. తాను కాలు లాగి తిన్నగా పట్టుకోవాలి. సత్యవతిగారు కొబ్బరి మట్టను చీల్చి బద్దలు చెక్కాలి. పల్లెటూరి పిల్లవి కదా, తల నువ్వు పట్టుకో అన్నారు నాతో.

పట్టుకున్నాను. దాని ఊపిరి నా మణికట్టుకు వేడిగా తగిలింది. దూడను ఎలా బుజ్జగిస్తారో నాకు తెలియదు. నోటికొచ్చింది పదమూడో ఎక్కం. అదే దాని చెవిలో మొదలుపెట్టాను.

దూది చుట్టాం, రెండు వైపులా బద్దలు పెట్టాం. పైన ప్లాస్టర్ చుట్టలు వరద నీటిలోనే ముంచి చుట్టాం. కట్టు ఇటుక రంగులోకి వచ్చింది. గట్టిపడ్డాక చూస్తే ముచ్చటగా ఉంది. బుల్లెమ్మ లేవబోయింది. బరువు పడగానే కట్టు కిందికి జారింది. దూడ అరిచి కూలబడింది.

గట్టు మీది పశువుల శిబిరంలో డాక్టరుగారున్నారు. సెట్టులో ఆయన్ని పిలిపించి సంగతి చెప్పాను. కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు దూడను పట్టుకోవడం కంటే కష్టం.

“గిట్ట లోపలుందా, బయటుందా అమ్మా?”

“బయటుందండి. ఓవర్.”

“ఎందుకు వదిలేరు?”

వైద్య సహాయకుణ్ణి అడిగాను. కాలివేళ్ళు బయటికి వదలాలి కదా, రంగు మారుతోందేమో చూడాలి కదా అన్నాడు. అదే చెప్పాను. సెట్టులో కాసేపు గరగర. ఆపైన నవ్వు.

“సైనికుడైతే మంచమ్మీద పడుకుంటాడమ్మా. ఇది నిలబడుద్ది. గిట్టతో సహా మోకాలి పైదాకా కట్టెయ్యండి. బరువు కట్టు మీద పడాలి, ఎముక మీద కాదు. మనుషుల మాత్రలేవీ వెయ్యకండి. ఆయ్.”

ఓవర్ అనాల్సిన చోట ఆయన ఆయ్ అన్నారు. హవల్దారు కూడా గంభీరంగా ఆయ్ అన్నారు.

పాత కట్టు కోసి తీశాం. సంచిలో మూడు చుట్టలే మిగిలాయి. ఇది నిలవకపోతే మళ్ళీ కట్టడానికి ఏమీ లేదు. నీరు మూడో మెట్టెక్కింది. ఈసారి వైద్య సహాయకుడు గిట్ట కూడా కనిపించకుండా చుట్టాడు. పదమూడు అయిపోయింది, పందొమ్మిదో ఎక్కంలోకి వెళ్ళాను. అదేం మంత్రమని హవల్దారు అడిగారు. మా వైపుదే అన్నాను.

కట్టు ఆరింది. తల వదిలేశాను. బుల్లెమ్మ వెనక్కాళ్ళు లేపింది. ముందుకాళ్ళు లేపింది. నిలబడింది. ఒక అడుగు వేసి సత్యవతిగారి చీర కొంగు నోట్లో పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తూ నవ్వారు. వైద్య సహాయకుడు హవల్దారుకు సెల్యూట్ కొట్టాడు. ఆయన దూడకు కొట్టారు.

పడవ రబ్బరుకు గిట్టలు గుచ్చుకోకుండా గోనెసంచులు కట్టి, దూడను బొంత మీద పడుకోబెట్టాం. తల నా ఒళ్ళోనే ఉంది. ఈసారి ఎవరూ పెట్టమనలేదు. వెలుగుండగానే గట్టు చేరాం. డాక్టరుగారు కట్టును వేలితో తట్టి చూశారు. నెలన్నర ఉంచుదాం, అతుక్కుంటుంది అన్నారు.

నీరు తీశాక ఒక ఉదయం మా లారీ బయలుదేరింది. ఇప్పుడు నాకు యూనిఫాం లేదు, అమలాపురంలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ ఉదయం మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. తడిసిన గట్టు రోడ్డు. ఆవుల గుంపు మధ్యలో ఇటుక రంగు కాలు ఒకటి. టక్కు టక్కుమంటూ, అన్నిటికంటే ముందు నడవాలని దాని తొందర. సత్యవతిగారు దాని వెనకాలే లారీ దాకా వచ్చి, వెనక తలుపు చెక్క పట్టుకుని అన్నారు:

“ఇది ఈనాక మొదటి జున్ను మీకేనండి అమ్మాయిగారూ. తొందరేం లేదులెండి, ఇంకా రెండేళ్ళ పైనే పడుద్ది.”