ఆషాఢంలో పడమటి గోడ

ఐర్లండ్‌లో మేముండే లెటర్‌కెన్నీలో వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. ఇల్లు కొనేటప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. పడమటి వైపు ఒక్క ఇల్లు కూడా అడ్డం లేదని, పచ్చటి పొలాలు కనిపిస్తున్నాయని మురిసిపోయాం. ఆ పొలాల మీదుగానే గాలి వానను మోసుకొచ్చి మా గోడకు బాదేది. గోడకు లోపలి వైపు మా అమ్మాయి గది. రెండో చలికాలానికి మంచం వెనక నల్లటి బూజు పట్టింది, పిల్లకు దగ్గు పట్టుకుంది.

వేరే రోజుల్లో అయితే దగ్గు దగ్గే. అవి కరోనా రోజులు. ఏడేళ్ల పిల్ల క్లాసులో రెండుసార్లు దగ్గితే చాలు, బడి నుంచి నాకు ఫోన్ వచ్చేది. తీసుకెళ్లాలి, పరీక్ష చేయించాలి, ఫలితం వచ్చేదాకా ఇంట్లో కూర్చోబెట్టాలి. ప్రతిసారీ నెగెటివే. మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు కనుక, అది దగ్గినప్పుడల్లా పక్క పిల్లలు కుర్చీలు జరుపుకునేవారట. ఒకరోజు కారెక్కగానే "మమ్మీ, ఐ హెల్డ్ ఇట్ ఇన్ ఆల్ డే!" అంది గొప్పగా. రోజంతా దగ్గు ఆపుకుందట! డాక్టరు చూసి, ఛాతీ బాగానే ఉంది, ముందు ఆ గది ఆరబెట్టండి అన్నాడు. దాని మంచం మా గదిలోకి లాగి, వేసవి సెలవులై బడి తెరిచేలోగా ఆ గోడ సంగతి తేల్చాలని పంతం పట్టాను.

దానికి మందు క్లాడింగ్ అని అందరూ చెప్పారు. గోడకు బయట కర్రపట్టీలు కొట్టి, వాటిమీద పలకలు బిగిస్తారు. వాన పలకను కొడుతుంది, వెనక గాలి ఆడుతుంది, గోడ పొడిగా ఉంటుంది. వినడానికి ఎంత సులువో! కానీ పనిచేసే మనిషేడీ? నెలల తరబడి ఆపిన ఇంటి పనులను ప్రభుత్వం అప్పుడే తెరిచింది. ఊరందరికీ ఒకేసారి ఇళ్లు బాగుచేసుకోవాలని బుద్ధి పుట్టింది. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. ఎత్తిన ఒక్కాయన వచ్చే ఏడాది చూద్దామన్నాడు. చివరికి పక్కింటావిడ తన పినతండ్రి కొడుకు నంబరు ఇచ్చింది. ఆయన ఫోన్ ఎత్తడమే కాదు, శనివారం పొద్దున వస్తానన్నాడు. నేను వంటింట్లో గంతేశాను. మా ఆయన చూడలేదు, అదృష్టం.

ఆయన అన్నమాట ప్రకారం వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, మాస్కు పైన నీలికళ్లు. లోపలికి రాకూడదు కనుక నమూనా పలకలన్నీ ముందు పిట్టగోడ మీద పరిచాడు. నాకు చీరల కొట్లో కూర్చున్నంత సంబరమైంది! ప్లాస్టిక్‌ది తేలిక, కానీ తడితే డొల్ల చప్పుడు. చెక్కది చూడముచ్చటగా ఉంది, ఊరికే రంగులు వేస్తూ ఉండాలి. సిమెంటు నారతో చేసిన పలక బరువు, కుళ్లదు. మగ్గుతో నీళ్లు పోసి చూశాను, గోకి చూశాను, అదే ఖాయం చేశాను. రంగు దగ్గర పేచీ వచ్చింది. నాకు ఆవపిండి పసుపు మీద మనసు. వీధి మొత్తం తెలుపూ బూడిద రంగూ.

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి" అన్నాడు మా ఆయన.

అటుగా నడకకు పోయేవాళ్లు కూడా ఆగి, దూరం నుంచే వేలు చూపించి తలా ఒక రంగు చెప్పారు. ఆ ఇంట్లో దిగాక అంతమంది మాతో మాట్లాడటం అదే మొదలు. ఆఖరికి పావురాయి రంగుకు ఒప్పుకున్నాను.

"ఒకరి పని వెనక్కి పోయింది. కావాలంటే ఈ వారంలోనే మొదలుపెడతా. లేదంటే మళ్లీ క్రిస్మస్ దాటాకే" అన్నాడు ఆయన.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన నావైపు తిరిగాడు. "ఆషాఢం నడుస్తుంది కదా. శ్రావణంల పెట్టుకుందాం."

నేను ఆపేలోపే ఆయనకు ఇంగ్లీషులో కూడా చెప్పేశాడు, ఇది మాకు మంచి నెల కాదని. ఆయన ఏమీ వెటకారం చేయలేదు. "నో బాదర్", ఫరవాలేదు అని పలకలన్నీ వ్యానులో సర్దుకున్నాడు. ఇంకో ఇంటివాళ్లు అడుగుతున్నారని, సాయంత్రందాకా చూస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

నా ఒళ్లు మండిపోయింది. పగలంతా ఊపిరితిత్తుల ఫొటోలు తీసే మనిషి, ఇంటికొచ్చి పంచాంగం తీస్తాడా! ఇదంతా వాళ్లమ్మ నూరిపోసిందే అనుకుని, కడిగేద్దామని హైదరాబాదుకు వీడియో కాల్ చేశాను. అత్తమ్మ మోచేతులదాకా పసుపుతో ఉంది. మర్నాడు బోనాలు, కొత్తకుండకు పసుపు పూస్తోంది. నేను సంగతంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ కుండ పక్కన పెట్టి కొడుకును పిలవమంది.

"ఏందిరా, ఆషాఢమని పని ఆపినవా? మరి నేనీడ ఏం జేస్తున్న? రేపు బోనమెత్తేది ఎందుకురా? పిల్లలకు రోగాలు రాకుంట సల్లంగ సూడు తల్లీ అని మొక్కుకోనికే గద! అమ్మవారికి మంచిదైన నెల నీ గోడకు చెడ్డదైందా?"

"కొత్త పనులు మొదలువెట్టరు కదనే అమ్మా..."

"మందు తాగనీకి ముహూర్తం సూస్తర్రా? పిల్ల దగ్గుతాంటె పంచాంగం వట్టుకోని కూసున్నవా? పో, ఫోన్ జెయ్యి ఆయనకు."

ఫోనులోకి దూకి ఆవిడను కావలించుకోవాలనిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ మీద నాకంత ప్రేమ ఎప్పుడూ రాలేదు. వెంటనే పలకలాయనకు ఫోన్ చేసి, ఈ మధ్యాహ్నమే వచ్చి మొదలుపెట్టమన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "శనివారం కొత్త పని మొదలుపెట్టను. శనివారం మొదలుపెట్టింది నిలవదని మా అమ్మ అనేది. సోమవారం వస్తా."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూసినవా!" అన్నాడు, ఏదో పందెం గెలిచినట్టు. గెలవనీ, నాకు సోమవారం దొరికింది.

సోమవారం నుంచి నాకు ఆఫీసు పని మీద ధ్యాస లేదు. మీటింగుల్లో కెమెరా ఆపి, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకునే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. పాడైన పూత చెక్కేస్తే లోపల గోడ నానిపోయి నల్లగా ఉంది. ఎండకు అది రోజురోజుకూ తెల్లబడుతుంటే కళ్లతో తాగాను. పట్టీలు లేచాయి, పలకలు కిందినుంచి పైకి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. పిట్టగోడ మీద టీ పెడితే ఆయన నిలబడే తాగేవాడు. పని అయిన రోజు నేను వీధి అవతలికి వెళ్లి, మా ఇంటిని పరాయిదానిలా చూసి వచ్చాను. ఎంత బాగుందో!

లోపల గోడ కూడా ఆరాక, బూజు గీకి, రంగు వేసి, మంచం దాని గదికి చేర్చాం. బడి తెరిచింది. ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగేదాన్ని. వానలు ముదిరాక ఒకరోజు, మధ్యాహ్నం, బడి నంబరు మోగింది. అంతా వృథా అయిందనుకున్నాను.

"మీ అమ్మాయి కోటు మరిచిపోయింది, తెచ్చివ్వగలరా?" అంది ఆఫీసులో ఆవిడ.

నేను వెళ్లేసరికి విరామం. చినుకులకు ఇక్కడ పిల్లల్ని లోపలికి పిలవరు. గేటు బయట నిలబడి చూస్తే, అది తడిసిన జుట్టుతో పిల్లల గుంపు మధ్య పరిగెడుతోంది. ఒకచోట ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పింది. నేను ఊపిరి బిగబట్టాను. దగ్గు రాలేదు. తలెత్తి నన్ను చూసింది, తోటిపిల్లల ముందు సిగ్గుపడింది.

"ఐ యామ్ గ్రాండ్, మమ్మీ! గో హోమ్!" అని, ఇక్కడివాళ్ల మాటలో బాగానే ఉన్నానని, అక్కడినుంచే అరిచి, మళ్లీ పరుగు తీసింది.

కోటు పట్టుకుని మాస్కు లోపల ఏడుస్తూ నిలబడ్డాను. దానికంత పెద్ద గొంతు ఉందని నేను మరిచేపోయాను.