అట్ట మీద మా తలుపు

పట్టపగలు మా ఇంటికి అవ్వ, అంటే మా అమ్మ, తాళం వేయడం నేను ఒక్కసారే చూశాను. వేయించింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదిలాబాద్‌లో ఏదో సభలో పరిచయమైన రచయిత, గోదావరి ఒడ్డున ఉన్న మా బెస్తవాడ మీద పుస్తకం రాస్తానన్నాడు. నేను పొంగిపోయి చెన్నూరు అవతలి మా ఊరికి వెంటబెట్టుకుపోయాను. అప్పుడే చేపలు అమ్మి వచ్చిన అవ్వ, గంప దించుతూనే గోడు మొదలుపెట్టింది. గోదావరిలో చేపలు పట్టే గుత్త వేలంలో ఎవరో బయటివాడి చేతికి పోయింది. తమ్ముడు నీళ్లలో దిగితే చాలు, గుత్తేదారు మనుషులు వచ్చి వల గుంజుకుంటున్నారు. మొన్న తెప్ప కూడా విరగ్గొట్టారు. బతకలేక సగం వాడ కూలి పనులకు పట్నం పోయింది.

"సారూ, గిదంత రాయుండ్రి. జర నలుగురికి తెలుస్తది" అని బతిమాలింది. కొర్రమట్ట పులుసు వడ్డిస్తూ మళ్లీ చెప్పింది.

ఆయన తలూపుతూ తిన్నాడు. చెయ్యి కడుక్కుని ఫొటో కావాలన్నాడు. గంప పక్కన పెట్టించాడు, దండెం మీది చీర తీయించాడు. పొయ్యి పొగ కూడా ఆయనకు అడ్డమే అయింది. ఎవరూ లేని ఇల్లులా కనిపించాలట!

"అవ్వా, జర తాళమేసి పక్కకు జరుగు" అన్నాను, బుద్ధి లేనిదాన్ని. ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక, తన ఇంటికి తనే తాళం వేసుకుని గోడ చాటున నిలబడింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద మా తలుపు. లోపల వెన్నెల, మౌనం, ఉప్పుగాలి. సముద్రమే లేని చెన్నూరు దగ్గర ఉప్పుగాలి ఎక్కడిదో ఆ మహానుభావుడికే తెలియాలి. జనమంతా వాళ్లంతట వాళ్లే మాయమైపోయారట. గుత్తేదారు మాట ఒక్క ముక్క లేదు. దానికి శాలువాలు, చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

అవ్వకు చదువు రాదు. చేపలు కోస్తూనే పుస్తకం పేరు చదవమంది.

"కనుమరుగైన వాడ."

"అంటే?"

"కానరాకుండ పోయిన వాడ, అవ్వా."

అవ్వ చెయ్యి ఆగింది.

"గీయనకు మనం కానరాలేదా? గుత్తేదారుకైతే రోజూ కానస్తనే ఉన్నం గద బిడ్డా!"