బావ కంప్యూటర్‌కు వేగం కొనడానికి వెళ్ళిన రోజు

మా అక్క భర్త రాజయ్య బావకు జహీరాబాద్‌లో చిన్న టైపు సెంటరు ఉండేది. ఎనభైల చివర్లో, హైదరాబాద్‌లో ఎవరో వదిలించుకున్న పాత కంప్యూటర్‌ను కొనితెచ్చాడు. గళ్ళ కాగితం మీద తెలుగు అక్షరాలను చుక్కచుక్కగా గీసుకుని, వాటిని అందులోకి ఎక్కించడమే ఆయన పిచ్చి. అచ్చులూ హల్లులూ అయిపోయాయి, ఒత్తులు మిగిలాయి. ఇంతలో కళ్ళ డాక్టరు పిడుగులాంటి మాట చెప్పాడు. చూపు మెల్లగా పోతోంది, మందు లేదు. అప్పటినుంచి ఒక్కో పేజీ తెర మీదికి వచ్చేదాకా కాచుకోవడం బావకు ప్రాణసంకటమైంది. వేగమైన మెమరీ చిప్పులు వేయిస్తే, చూపు ఉండగానే ఒత్తులు పూర్తవుతాయని ఆయన ఆశ. వాటికి ధర ఎక్కువట. పెట్టాలో వద్దో కనుక్కుందామని ఇద్దరం హైదరాబాద్‌కు బయలుదేరాం.

పొద్దున ఆరున్నర బస్సు. టికెట్లు ఇద్దరికీ కలిపి ముప్పై రూపాయల్లోపే. బావ కిటికీ పక్కన కూర్చుని అల్లం మడి, చెరుకు లారీ, గొర్ల మంద, ఏదీ వదలకుండా నాకు చూపిస్తూనే ఉన్నాడు. సదాశివపేటలో చాయ్ దగ్గర డ్రైవరు నవ్వాడు. "మీ బావ ఒకటే ముచ్చట పెడ్తున్నడు. గీ రోడ్డు కొత్తనా ఏంది?"

"నూరుసార్లు పోయిండన్నా" అన్నాను. నాకు మాత్రం నవ్వు రాలేదు.

గౌలిగూడలో దిగి కోఠీకి నడిచాం, దగ్గరే. గుజరాతీ గల్లీలో రేడియో సామాన్ల దుకాణాయన బావ రాసుకొచ్చిన మిషన్ వివరాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "జల్ది చిప్పు ఏసినా ఫాయిదా లేదు సార్. మీ బోర్డు దాని స్పీడు మీదనే నడుస్తది. ఎడ్లబండి ఎనుక జీపు పోయినట్టుంటది."

"మరి జల్ది గావాల్నంటే?" అన్నాడు బావ.

"మిషనే మార్చాలె."

మిషన్ మార్చే తాహతు మాకెక్కడిది! దుకాణాయన తీసి చూపించిన చిప్పును బావ వేళ్ళతో తడిమి తడిమి తిరిగి ఇచ్చేశాడు. నా మనసు ఊరుకోలేదు. "కొందాం బావా, ఏమో, పనిచేస్తదేమో."

"వద్దురా. పైసలు పోతే పాయె. మళ్ల ఆశ పెట్టుకొని కూసోవాలె." కాసేపటికి తనే తేరుకున్నాడు. "ఒత్తులు ఎంతయితే గంత. పా, మీ అక్కకు చీర కొందాం. రంగు నేనే చూస్త."

సుల్తాన్ బజార్‌లో దుకాణం వాడు విసుక్కుంటున్నా వినకుండా, ఒక్కో చీరనూ ఎండలోకి తెచ్చి చూశాడు. చివరికి నెమలికంఠం రంగు తీసుకున్నాడు.

తిరుగు బస్సు జహీరాబాద్ చేరేసరికి మసక చీకటి పడింది. అక్క బస్టాండుకు వచ్చి, మెట్లు దిగిన బావకు ఎదురుగా నవ్వుతూ నిలబడింది. బావ నా వైపు తిరిగి, "మీ అక్క వస్తనన్నది గదరా, ఏది?" అన్నాడు.

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పుడు కాకుండా నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఈసారి గాజులు మోగించుకుంటూ వచ్చింది. "ఇగో, వస్తున్న. జర లేటయింది."

"గంత ఉరుకుడెందుకే?" అన్నాడు బావ మురిపెంగా. నేను మొహం తిప్పుకుని ఏడ్చాను.

ఒత్తులు పూర్తికాలేదు. మెమరీకి ఎక్కువ పెట్టాలా అని ఇప్పటికీ నన్నెవరైనా అడిగితే, అసలు మీ యంత్రం దేనికోసం ఆగుతోందో ముందు చూసుకోమంటాను. బావలాంటి మనిషి ఇంట్లో ఉన్నవారికి నేను చెప్పేది వేరు. చూపు తగ్గిన మనిషి కోసం బస్టాండుకు వెళితే, ఎదురుగా నిలబడి నవ్వకండి. ముందు పిలవండి.