కళాయి తాత మనవరాలు

నా చిన్నప్పటికే మా భూములన్నీ పోయాయి. సిద్దిపేటలో పెచ్చులూడిన ఇల్లు, వంటింట్లో ఇత్తడి గిన్నెలు, నిటారుగా కూర్చునే మా తాతయ్య మిగిలారు. ఆ గిన్నెలకు కళాయి పూయడానికి ఒక ముసలాయన వచ్చేవాడు, మేం కళాయి తాత అనేవాళ్లం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. మాతో తనకొచ్చిన తెలుగులో, ఆడామగా కలిపేసి మాట్లాడేవాడు. "పెద్దదొర ఉన్నదా లోపల?" అని నేను ఆయన గొంతుతో అడిగితే చుట్టాలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. "మల్లొక్కసారి అను బిడ్డా!" అని తాతయ్యే అడిగేవాడు. ఊళ్లో మా మాట చెల్లని ఆ రోజుల్లో, మా అరుగు మీద అంత నవ్వు వినబడడం ఆయనకు గొప్పగా ఉండేదేమో.

ఆ నవ్వును నేను బడికి మోసుకెళ్లాను. కళాయి తాత మనవరాలిది నా తరగతే. చక్కటి తెలుగే మాట్లాడేది. అయినా పాఠం చదవడానికి లేస్తే చాలు, "ఉన్నదా లోపల?" అని పిల్లల కేకలు. వీళ్లకు మాటే రాదు, చదువేం వస్తదన్నారు. ఆమె నోరు విప్పడం మానేసింది. తర్వాత బడే మానేసింది.

ఆ వానకాలం, ఏడాది నిండని మా తమ్ముడికి జ్వరం. దవాఖానలో సూదులేసినా దిగలేదు. పాలు ముట్టడం లేదు. చివరికి అమ్మ, మా ఊరి తల్లులు చేసినట్టే, పొద్దుగూకే వేళ వాణ్ణి ఎత్తుకుని మసీదు గుమ్మం దగ్గర నిలబడింది. నమాజు చేసి వచ్చేవాళ్లు పసిపిల్లల మీద దువా చదివి ఊదుతారు. అందరికంటే ముందు బయటికొచ్చింది కళాయి తాత.

అమ్మ కొంగు వెనకున్న నన్ను చూశాడు. ముఖం తిప్పుకుని వెళ్లిపోతాడని, తమ్ముడు చచ్చిపోతాడని, అదంతా నా వల్లేనని భయపడ్డాను. ఆయన వంగి మూడుసార్లు ఊదాడు. ఊరందరూ నవ్వేలా నేను వెక్కిరించిన నోరది.

"ఏడ్వకు అమ్మా, బాబు మంచిగైతది" అన్నాడు. అంటూనే నా వైపు చూసి, ఆ 'ఐతది'ని కూడా వెక్కిరిస్తాననేమో, గొంతు తగ్గించాడు.

తమ్ముడు బతికాడు. సూదుల వల్లో, ఆ ఊపిరి వల్లో నాకు తెలియదు. ఆ పిల్ల మాత్రం మళ్లీ బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లి తప్పయిందని చెప్పాలని రోజూ అనుకున్నాను. తాతయ్య ఒప్పుకోడని సాకు చెప్పుకున్నాను. నిజానికి వంగనిది నా మెడే.

మొన్న నా మనవడు ఫోన్‌లో ఎవరి యాసనో వెక్కిరించే వీడియో చూసి నవ్వుతుంటే, తట్టుకోలేక ఇదంతా చెప్పాను. వాడు ఫోన్ పక్కన పెట్టి, "ఆమె పేరేంది అమ్మమ్మా?" అన్నాడు.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నేను ఆమెను ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచి ఉంటే కదా.