చెవిలో చెప్పిన క్షమాపణ

సంఘంలో ఆమెను అందరూ వాక్యాలక్క అనేవారు. కుట్టుమిషను తొక్కుతూనే ఏ తప్పుకు బైబిల్లో ఏ వాక్యమో అధ్యాయంతో సహా అప్పజెప్పేది. యాభై నాలుగేళ్ల మనిషి, పదకొండేళ్లుగా స్త్రీల కూటానికి నాయకురాలు. ఆమె వస్తోందంటే చర్చి వరండాలో కబుర్లు చెప్పుకునేవాళ్లు నాలుక కరుచుకునేవారు.

రెండేళ్ల కిందట పాటల బృందంలోంచి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మను తీసేయడానికి కారణం వాక్యాలక్కే. "గడియారాల మేస్త్రి వాళ్లావిడ ఊళ్లో లేదు, వాళ్లక్కగారింట్లో ఉంది. ఈ పిల్ల పొద్దున్నే ఆయనింట్లోంచి వస్తోంది. వారంపాటు నా కళ్లతో చూశాను" అని నిండు కూటంలో లేచి చెప్పింది. చూసిన మాట నిజమే. నర్సమ్మ నోరు మెదపలేదు. తల వంచుకుని వెళ్లిపోయింది, మళ్లీ చర్చి గడప తొక్కలేదు.

ఆర్నెల్ల కిందట ఆ మేస్త్రే కోటు బిగించమని వాక్యాలక్క కుట్టు కొట్టుకు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. టేపు చుడుతూ వాక్యాలక్క ముభావంగా అడిగింది, "మీ ఆవిడింకా వాళ్లక్కగారింట్లోనే ఉందా?"

"అక్కడే పోయిందమ్మా. చివరి రోజుల్లో తీసుకెళ్లాం. ఊరికి అలా చెప్పాం గానీ అంతకుముందు ఏడాది ఇంట్లోనే ఉంది, వెనక గదిలో. జబ్బు మొహాన్ని తినేసింది. ఎవరి కంటా పడనని మొండికేసింది. నర్సమ్మే డ్యూటీ దిగి వచ్చి పుండ్లు కడిగేది. ఎవరికీ చెప్పనని మా ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది."

ఆ రోజు వాక్యాలక్క కోటు కొలతలు రెండుసార్లు తప్పు రాసుకుంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. నర్సమ్మ కట్టుగుడ్డలు మడతపెడుతోంది. "నన్ను క్షమించు తల్లీ" అంది వాక్యాలక్క గొంతు తగ్గించి.

నర్సమ్మ చెయ్యి ఆగలేదు. "పదిమందిలో అన్న మాటకి చెవిలో క్షమాపణా అక్కా?"

వాక్యాలక్క అటునుంచటే పాస్టరుగారింటికి వెళ్లింది. ఆయన అంతా విని నిట్టూర్చాడు. "ప్రభువు క్షమిస్తాడమ్మా. మానిన గాయం కెలకడమెందుకు? ఆమెను తీసేయడం పెద్దలందరూ కలిసి చేసిన తీర్మానం."

"మానిందని మీకెవరు చెప్పారు అయ్యగారూ? నేను అబద్ధమాడలేదు. ఇన్నాళ్లూ ఆ ధీమాతోనే బతికాను. చూసింది చెప్పాను, చూడనిదాన్ని అందరిచేతా నమ్మించాను. వెళ్లి ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? ఆదివారం మాట్లాడతాను. మీరు వద్దన్నా మాట్లాడతాను."

ఆదివారం ఆరాధనలో ప్రకటనలవగానే లేచింది. బైబిలు బల్ల మీదే వదిలేసింది. మేస్త్రి అనుమతి తీసుకున్నానని చెప్పి, జరిగినదంతా వరసగా చెప్పుకొచ్చింది.

ముందు వరసలో పెద్ద ఒకాయన విసుక్కున్నాడు. "చాల్లే, కూర్చోమ్మా."

"అయ్యేదాకా కూర్చోను అన్నయ్యా. ఆ రోజు నన్నెవరూ కూర్చోమనలేదుగా!"

చివరికి స్త్రీల కూటం నాయకత్వం కూడా వదులుకుంటున్నానని చెప్పి బయటికి నడిచింది.

ఆ తర్వాత కొందరు పలకరించడం మానేశారు. ఇద్దరు ఆడవాళ్లు కుట్టడానికిచ్చిన బట్టలు వెనక్కి పట్టుకెళ్లారు. వాక్యాలక్క వెనక్కి తగ్గలేదు. ప్రతి కూటంలోనూ తీర్మానం మాటెత్తింది. ఆరు వారాలకు పెద్దలు దాన్ని రద్దుచేసి, క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశారు. నర్సమ్మ చదివి జేబులో పెట్టుకుంది. "పాడను గానీ, ఎప్పుడైనా వస్తాలే అక్కా" అంది. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం వచ్చి చివరి బల్ల మీద కూర్చుంది. వాక్యాలక్క ఆమె పక్కకు వెళ్లలేదు. అది ఆమె ఇష్టానికే వదిలేసింది.

ఇప్పుడు పెద్దవాళ్ల బైబిలు తరగతిలో ఎవరైనా ఎవరి గురించైనా గుసగుస మొదలెడితే వాక్యాలక్క ఒక్కటే అడుగుతుంది, "వెళ్లి వాళ్లనడిగావా?"

"లేదక్కా..."

"అయితే పద, నేనూ వస్తాను" అంటూ అక్కడికక్కడే చెప్పులు తొడుక్కుంటుంది. ఇంతవరకూ ఆమె వెంట వీధి మలుపు దాటినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లకు ఉన్నట్టుండి పొయ్యి మీద పెట్టొచ్చిన గిన్నె గుర్తొస్తుంది.